గారెలమ్మే రైతు

నిర్మల్ చరిత్ర అనగానే కోటలు, కొయ్యబొమ్మలు, రాంజీ గోండు. అంగడి ఎవరికీ గుర్తుకు రాదు. మా ఇంట్లో మాత్రం దాని చరిత్ర బాపమ్మ సందుగలో ఉంది: తైబజారు చీటీల కట్ట. అంగడిలో నేల మీద కూర్చుని అమ్ముకున్నందుకు కట్టిన పైసలకు రసీదులవి. తైబజారు ఫారసీ నుంచి వచ్చిన మాట. నిజాం రాజ్యం పోయినంక కూడా ఆ మాటా, ఆ వసూలూ చాలాకాలం నడిచాయి.

వానకాలంలో లేత మక్కలు చేతికొస్తే బాపమ్మ పచ్చిమిర్చి, ఎల్లిగడ్డ వేసి రోట్లో కచ్చాపచ్చాగా రుబ్బేది. తాత కడాయి మోసేవాడు. బాపు మోదుగాకుల్లో గారెలు కట్టిచ్చేవాడు. మక్కలు మా చేనువే.

1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. దళారి ఉండొద్దు, పండించినవాళ్లే గుర్తింపు కార్డుతో అమ్ముకోవాలి. మంచి ఆలోచనే, కాదనను. బాపమ్మ కూడా కార్డు కోసం పోయింది. పట్టా ఎవరి పేరు మీదుంది? తాత పేరు మీద. ఏమమ్ముతవ్? గారెలు. అయితే నువ్వు రైతువు కాదన్నారట.

"పచ్చి కంకి అమ్మితే రైతునట, గారె జేస్తే కాదట" అని నవ్వేది. విత్తనం పెట్టింది, కలుపు తీసింది, కంకి విరిచింది ఆమే. ఆ నవ్వు నాకిప్పటికీ మింగుడు పడదు.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. పట్టణాల్లో అమ్ముకునేవాళ్లకు ధ్రువపత్రం ఇవ్వాలన్నది. అప్పటికి బాపమ్మ లేదు.

మొన్న ఆ కట్ట విప్పాను. నూనె మరకలు పడ్డ చీటీల మీద తేదీ ఉంది, పైసలున్నయి. పేరు రాసే గీత ఖాళీగానే ఉంది.