నేరచరిత్ర కారణంగా ఉద్యోగ నిరాకరణపై అప్పీలు (జార్జ్ టౌన్)

మలేసియాలోని పినాంగ్ రాష్ట్ర రాజధాని జార్జ్ టౌన్‌లో పాత కేసు బయటపడిందని ఉద్యోగం నిరాకరిస్తే, అప్పీలు వినడానికంటూ ప్రత్యేక కార్యాలయం లేదు. ఎక్కడికి వెళ్లాలన్నది ఒక్క విషయం మీదే ఆధారపడుతుంది: ఆ మనిషి అప్పటికే పనిలో చేరారా, లేదా?

చేరాక తీసేస్తే దారి స్పష్టం. 1967 పారిశ్రామిక సంబంధాల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, తొలగించిన 60 రోజుల్లోగా పారిశ్రామిక సంబంధాల శాఖకు అర్జీ పెట్టుకోవాలి. ప్రొబేషన్‌లో ఉన్నవారికీ ఈ హక్కు ఉంది. రాజీ కుదరకపోతే వ్యవహారం ఇండస్ట్రియల్ కోర్టుకు వెళుతుంది. తొలగింపునకు న్యాయమైన కారణం ఉందని అక్కడ రుజువు చేయాల్సింది యజమానే. గడువు దాటితే మాత్రం కేసు ఎంత బలమైనదైనా నిలవదు.

దరఖాస్తు దశలోనే కాదన్నవారి పరిస్థితి కష్టం. ఉపాధి చట్టం (ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్)లో 2023 జనవరి 1 నుంచి అమలైన 69ఎఫ్ సెక్షన్, ఉద్యోగంలో వివక్షపై విచారించే అధికారాన్ని లేబర్ డైరెక్టర్ జనరల్‌కు ఇచ్చింది. ఆదేశం పాటించని యజమానికి 50,000 రింగిట్ల దాకా జరిమానా పడుతుంది. కానీ ఆ సెక్షన్ చెప్పేది ఉద్యోగికీ యజమానికీ మధ్య వివాదం గురించి. దరఖాస్తుదారు ఇంకా ఉద్యోగి కారు. రాజ్యాంగం 8వ అధికరణంలోని వివక్ష నిషేధం ప్రైవేటు యజమానులకు వర్తించదని బియాట్రిస్ ఫెర్నాండెజ్ కేసులో ఫెడరల్ కోర్టు 2005లో తేల్చింది. పైగా ఆ నిషేధం మతం, జాతి, పుట్టుక, జన్మస్థలం, లింగం గురించే. నేరచరిత్ర ఊసు అందులో లేదు. శిక్ష అనుభవించి వచ్చినవారికి జరుగుతున్న అసలు అన్యాయం ఈ ఖాళీలోనే ఉంది.

ఇక మిగిలేది రికార్డు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. 2010 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నేరం చేశారన్న సమాచారాన్నీ, ఆరోపణనూ సున్నితమైన డేటాగా లెక్కిస్తుంది. దాన్ని వాడుకోవాలంటే సాధారణంగా స్పష్టమైన సమ్మతి కావాలి. కంపెనీ దగ్గరున్న తన వివరాల నకలు అడగవచ్చు, తప్పులుంటే దిద్దించవచ్చు. ప్రభుత్వాలకు మాత్రం ఈ చట్టం వర్తించదు.

ఫారంలోని ప్రశ్నను జాగ్రత్తగా చదవాలి. ‘అరెస్టయ్యారా?’ వేరు, ‘శిక్ష పడిందా?’ వేరు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 173ఎ సెక్షన్ కింద కోర్టు నేరనిర్ధారణ నమోదు చేయకుండానే విడిచిపెట్టవచ్చు. అలా బయటపడినవారు కోర్టు ఉత్తర్వు ధ్రువీకృత నకలును యజమానికిచ్చే వినతిపత్రానికి జతచేయడం మంచిది. మేజిస్ట్రేట్ కోర్టు శిక్ష వేస్తే, 14 రోజుల్లోగా హైకోర్టుకు ఉద్దేశించిన అప్పీలు నోటీసును అదే మేజిస్ట్రేట్ కోర్టులో దాఖలు చేయాలి. జార్జ్ టౌన్‌లో హైకోర్టు లైట్ స్ట్రీట్‌లో ఉంది.

విదేశీ ఉద్యోగాలకు అడిగే సత్ప్రవర్తన పత్రం ‘సిజిల్ కెలకువాన్ బాయిక్’ను మలేసియా విదేశాంగ శాఖ ఇస్తుంది. మలేసియాలో పనిచేసే భారతీయ పౌరులకు స్వదేశపు పోలీస్ క్లియరెన్స్ అవసరమైతే, పాస్‌పోర్టు వ్యవస్థ ద్వారానే తీసుకోవాలి. ఇతర దేశాల సంగతి చూస్తే, కేసు దాచిపెట్టారన్న ఒక్క కారణంతో యాంత్రికంగా ఉద్యోగం తీసేయకుండా, నేరం ఎంత చిన్నదో కూడా యజమాని చూడాలని భారత సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది. సింగపూర్ ఇంకో అడుగు ముందుకేసింది: చిన్న శిక్ష పడినవారు ఐదేళ్లు మళ్లీ నేరం చేయకుండా ఉంటే, తమకు రికార్డు లేదని చట్టబద్ధంగానే చెప్పవచ్చు.