4294967297

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. రెండును 32వ ఘాతానికి హెచ్చించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య. సున్న నుంచి లెక్కపెట్టే ఆనవాయితీ ప్రకారం దీన్ని అయిదో ఫెర్మా సంఖ్య అంటారు. ఇది ప్రధాన సంఖ్య కాదు. 641, 6700417 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ సంగతి తేలడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది.

తులూజ్ న్యాయసభలో ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో గణితంలో మునిగిపోయే పియెర్ ద ఫెర్మా, 1640లో తన లేఖల్లో ఒక వరసను ప్రస్తావించాడు: 3, 5, 17, 257, 65537. రెండును 1, 2, 4, 8, 16 ఘాతాలకు హెచ్చించి ఒకటేసి కలిపితే వచ్చినవివి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆపై వచ్చేవన్నీ కూడా అంతేనని ఆయన నమ్మాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని దాచుకోకుండా చెప్పాడు. వరసలో తర్వాతిదే ఈ సంఖ్య.

1729 డిసెంబరులో గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ ఈ ఊహ నిజమేనా అని మరో గణితజ్ఞుడు ఆయిలర్‌ను ఉత్తరంలో అడిగాడు. 1732లో, పాతికేళ్ల వయసులో, ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి సమర్పించిన వ్యాసంలో సమాధానం చెప్పాడు: 641తో భాగిస్తే శేషం రాదు. తాను నడిచిన దారిని తర్వాతి వ్యాసంలో వివరించాడు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు ఒకటి మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే లెక్క తెగిపోతుంది.

మరి ఫెర్మాకు ఇది ఎందుకు చిక్కలేదు? ఈ దారికి మూలం ఆయన పేరిట ఉన్న చిన్న సిద్ధాంతమే. అదే 1640లో, ఇలాంటి జల్లెడతోనే 2³⁷−1కి 223 కారణాంకమని ఆయన పట్టుకున్నాడు కూడా. పనిముట్టు చేతిలోనే ఉంది. భాగహారంలో ఎక్కడో చెయ్యి జారి ఉండాలి.

తర్వాతి కాలంలో దొరికిన ఒక నిరూపణకు భాగహారంతో పనే లేదు. 641ని 5×2⁷+1 అని రాయవచ్చు, 5⁴+2⁴ అనీ రాయవచ్చు. రెండో రూపాన్ని 2²⁸తో గుణిస్తే 5⁴×2²⁸+2³² వస్తుంది. అది 641 గుణిజం. ఏ సంఖ్య నాలుగో ఘాతం నుంచైనా ఒకటి తీసేస్తే, మిగిలేది ఆ సంఖ్యకు ఒకటి కలిపినదాని గుణిజమే అవుతుంది. కాబట్టి 5×2⁷ నాలుగో ఘాతం నుంచి ఒకటి తీసేసిన 5⁴×2²⁸−1 కూడా 641 గుణిజమే. మొదటి గుణిజంలోంచి దీన్ని తీసేయండి, 2³²+1 మిగులుతుంది; అదీ 641 గుణిజమే. అంకగణితంలో ఇంత అందమైన వాదన అరుదు.

1796లో గణితజ్ఞుడు గౌస్, ఫెర్మా వరసలోనిదే అయిన 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినిలతో గీయవచ్చని కనుక్కోవడంతో ఫెర్మా సంఖ్యలకు కొత్త విలువ వచ్చింది. 4294967297 ప్రధాన సంఖ్యే అయి ఉంటే అన్ని భుజాల బొమ్మకూ ఆ యోగం ఉండేది.

65537 తర్వాత ప్రధానమైన ఫెర్మా సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. అయిదోది మొదలు 32వ దాని వరకు అన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది. 33వది ఏమిటన్నది ఇంకా తేలలేదు.