వేసవి గ్రంథాలయం: కుర్చీ ఎవరిది?

వేసవి సెలవుల్లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళిన వారికి రెండు వయసుల చదువరులు వొకేచోట కనిపిస్తారు. బొమ్మల పుస్తకాల కోసం, కథలు వినడం కోసం వచ్చే పిల్లలు వొకరు. అశోక్‌నగర్, గాంధీనగర్ హాస్టళ్ళ నుంచి టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా పట్టుకొని తలుపులు తెరవకముందే వచ్చి నిలబడే నిరుద్యోగ యువతీయువకులు మరొకరు. వీరిని చూసి మూడు రకాల ఫిర్యాదులు వినబడుతుంటాయి. గ్రంథాలయం పరీక్షల షెడ్డు అయిపోయింది, సాహిత్యం చదివేవాడికి చోటు లేదని పెద్దలు. పిల్లల గోలతో చదువు సాగడం లేదని యువకులు. చేతిలో సెల్‌ఫోన్ వుండగా యింకా గ్రంథాలయమెందుకని, ఏనాడూ అందులో అడుగుపెట్టని బుద్ధిమంతులు.

యీ మూడింటికీ మూలం వొకటే. తీరిక, తిండి రెండూ వున్న మనిషి మౌనంగా కూర్చుని చదువుకునే మందిరమే గ్రంథాలయమన్న భావం. హైదరాబాదు గ్రంథాలయ చరిత్ర యీ భావాన్ని ఏమాత్రం బలపరచదు.

1891లో ఏర్పడిన ఆసఫియా గ్రంథాలయం నిజాం ప్రభుత్వానిది. అరబ్బీ, పారశీక, ఉర్దూ గ్రంథాలకు అది గొప్ప నిధి. అయితే ఆ సంస్థానంలో అత్యధికుల భాష తెలుగు, ఆ భాషకు కచేరీలో గాని బడిలో గాని గౌరవం లేదు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది యీ పరిస్థితిలోనే. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి అండ. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి వచ్చాయి.

యీ ఉద్యమాన్ని పొగడి వూరుకోవడం మన అలవాటు. కాని వొక్క సంగతి మరువరాదు. భాషానిలయాన్ని పోషించిన మునగాల జమీందారుపైనే ఆ పరగణా రైతులు తరువాత హక్కుల కోసం పోరాడవలసి వచ్చింది. భాషాభిమానం వేరు, భూమి వేరు! వకీళ్ళు, జమీందారులు, ఉద్యోగులు తెరిచిన తలుపుల్లోంచి వారు పిలవని వారు లోపలికి రావడమే తెలంగాణ గ్రంథాలయోద్యమంలోని అసలు చరిత్ర.

1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం తన కార్యక్రమంలో గ్రంథాలయ స్థాపనను ముఖ్యంగా పెట్టుకున్నది. పత్రిక వచ్చేది, వొకడు చదివేవాడు, పదిమంది వినేవారు, విన్న తరువాత వూరుకోక వెట్టి గురించి, పన్నుల గురించి మాట్లాడుకునేవారు. సభ జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్న గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వుల కాలమది. గ్రంథాలయ వార్షికోత్సవాన్ని కూడా అధికారులు అనుమానించేవారు. గ్రంథాలయమంటే నిశ్శబ్ద మందిరం కాదు, జనం కూడే చోటు అని మనకంటే ముందు గ్రహించింది సర్కారే. ఆ విషయంలో సర్కారు పొరబడలేదు.

యిక్కడ వట్టికోట ఆళ్వారుస్వామిని తలచుకోక తప్పదు. నల్లగొండ జిల్లాలో పేద కుటుంబంలో పుట్టి, వంటపని చేసి, హోటలులో పనిచేసి, తన చదువు తానే చదువుకున్న మనిషి. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి ముప్పైకి పైగా పుస్తకాలు వెలువరించాడు. అచ్చువేసి అలమరలో పెట్టలేదు. మోసుకొని తిరిగి అమ్మాడు. నిజామాబాదు జైల్లో దాశరథితో పాటు బందీగా వున్నాడు. కూటికోసం పని, పుస్తకం కోసం తపన వొకే శరీరంలో వొకే రోజున సాగిన యిటువంటి జీవితాన్ని ఎదుట పెట్టుకొని, వుద్యోగం కోసం చదివేవాడు నిజమైన చదువరి కాడని ఎవరనగలరు?

స్వాతంత్ర్యానంతరం యీ పని దాతల చేతిలోంచి చట్టం చేతిలోకి వచ్చింది. 1948లో మద్రాసు రాష్ట్రం, 1955లో హైదరాబాదు రాష్ట్రం గ్రంథాలయ చట్టాలు చేశాయి. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం రెండు ప్రాంతాలకూ వొకే ఏర్పాటు తెచ్చింది. నగర గ్రంథాలయ సంస్థ దాని సంతానమే. గ్రంథాలయం ఎవరి దయాధర్మమూ కాదు, యింటి పన్నులో రూపాయికి యిన్ని పైసలని చెల్లించిన పౌరుని సొంత ఆస్తి అన్నదే ఆ చట్టంలోని ప్రాణం. నేడా పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. వసూలైన సొమ్ము పురపాలక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా చేరడం లేదని పత్రికలు వ్రాయని సంవత్సరం లేదు.

అశోక్‌నగర్‌లో వొక గదిలో నలుగురైదుగురు సర్దుకొని వుండే కుర్రవాడు యింటి పన్ను కట్టడు నిజమే. యజమాని కడతాడు. యజమాని ఎవరి అద్దెలోంచి కడతాడు? పాలమూరులోనో ఆదిలాబాదులోనో వున్న తండ్రి పంపిన సొమ్ములోంచి. కాబట్టి ఆ కుర్చీలో అతనికి హక్కున్నది. అది దొరకనినాడు వీధిలోని ప్రైవేటు రీడింగ్ రూములో నెలకింతని చెల్లించి బల్ల అద్దెకు తీసుకుంటున్నాడు. గాలికీ, వెలుతురుకూ, మౌనానికీ కూడా ధర కట్టిన వ్యాపారం ప్రజా గ్రంథాలయానికి కూతవేటు దూరంలోనే వర్ధిల్లుతున్నది.

అతడు అక్కడ ఎన్ని వేసవులు గడపాలో కూడా అతని చేతిలో లేదు. తెలంగాణ ఏర్పడిన తరువాత తొలి గ్రూప్-1 ప్రకటన 503 వుద్యోగాలకు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టినదాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 వుద్యోగాలకు కొత్త ప్రకటన యిచ్చి జూన్ 9న మూడవసారి పరీక్ష పెట్టారు. మూడు వేసవులు! పఠనమందిరంలో నవల తెరవలేదని అతన్ని నిందించే పెద్దలు యీ తేదీలను వొకసారి వరుసగా చదువుకోవాలి.

పిల్లల సంగతికి వద్దాం. శిబిరమంటే కథలూ, బొమ్మలూ, ఆటలూ; అది గ్రంథాలయం పని కాదనే వారున్నారు. బరోడా సంస్థానంలో 1910లో బోర్డెన్ అనే అమెరికన్ నిపుణుణ్ణి రప్పించి గ్రంథాలయ శాఖను నిర్మించినప్పుడు, చదువురాని గ్రామస్థుల కోసం మాజిక్ లాంతరు, సినిమా ప్రదర్శనలు కూడా ఆ శాఖే నడిపింది. మన పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ మీద వూరూరికీ పంపారు. ఏ కొత్త సాధనం వచ్చినా దాన్ని అందుకోవడం గ్రంథాలయోద్యమానికి తొలినాటి నుంచీ అలవాటే.

సినిమా మాట వచ్చింది గనుక మరొకటి. చిక్కడపల్లికి ఆనుకొనే ఆర్టీసీ క్రాస్‌రోడ్డు వున్నది. తెలుగు సినిమా వ్యాపారానికి గుండెకాయ వంటి థియేటర్ల కూడలి. అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం కూడా చాలా ఏళ్ళు రెండేళ్ళకొకసారి యీ నగరంలోనే జరిగేది. అదీ నవంబరులో, బడులు నడిచే రోజుల్లో! ఆ వారం దాటితే ఆ చిత్రాలు మళ్ళీ కంటపడేవి కావు. యీ థియేటర్లలో వాటికి చోటు లేదు. మే నెల మధ్యాహ్నం గ్రంథాలయ హాలులో వొక తెర కట్టి బాలల చిత్రం వేసి, దాని మూలకథ వున్న పుస్తకాన్ని పిల్లల చేతికివ్వడానికి కోట్లు అక్కరలేదు.

సెల్‌ఫోన్ వాదానికి యీ పరిసరమే సమాధానం. పక్కనే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ గ్రంథాలు 2000 ఆగస్టు వరదలో తడిసిపోయాయి. కాగితం నీటికి లొంగుతుంది, ప్రతులు తీయాలి, డిజిటల్ రూపం కావాలి, నిజమే. కాని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన ప్రభుత్వ వెబ్‌సైటు కూడా మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొందరు ముందుచూపుతో దాచిన ప్రతులే నేడు మనకు దిక్కు. వరదకు కాగితం, నిర్లక్ష్యానికి సర్వరు! రెంటినీ కాపాడడానికి జీతం తీసుకునే మనుషులు కావాలి. గ్రంథాలయాల్లో ఏళ్ళ తరబడి ఖాళీగా వున్నవి ఆ మనుషుల వుద్యోగాలే.

పిల్లవానికీ నిరుద్యోగికీ వొక కుర్చీ దగ్గర తగవు పెట్టింది వాళ్ళిద్దరిలో ఎవరూ కాదు. పిల్లలకు వేరే గది, యువకులకు రాత్రి పొద్దుపోయే వరకు తెరిచిన హాలు, యిద్దరికీ తెర, కంప్యూటరు. యిందులో గొంతెమ్మ కోరిక ఏదీ లేదు. గాంధీనగర్‌లో ఏ యింటి పన్ను రసీదు తీసినా గ్రంథాలయ పన్ను అన్న పద్దు కనిపిస్తుంది. వార్డుల వారీగా ఆ పద్దులు కూడి, గ్రంథాలయ సంస్థకు చేరిన సొమ్ముతో సరిపోల్చే పని విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు యీ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.