టెస్టు లెక్కలోకి రాని 153

వచ్చే డిసెంబరు 1కి నూరేళ్లు నిండుతాయి. 1926లో అదే రోజున బొంబాయి జింఖానా మైదానంలో సి.కె. నాయుడు ఇంగ్లండు నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు బౌలర్లను ఊచకోత కోశాడు. ఆ శతాబ్ది పేరు చెప్పి, భారత క్రికెట్ ఆల్‌టైమ్ టెస్టు జట్టు ఒకటి కూర్చి ఇమ్మని పత్రిక అనుబంధం వాళ్లు అడిగారు. పదకొండు పేర్లే కదా అని కాగితం ముందు కూర్చున్నాను. మూడు వారాలు గడిచినా ఆ కాగితం పూర్తి కాలేదు. ప్రతిసారీ ఒక్క పేరు దగ్గరే కలం ఆగుతోంది. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. ఈ అంకెలు పట్టుకుని చూస్తే నాయుడు గారికి రిజర్వు ఆటగాళ్లలో కూడా చోటు రాదు. ఆయన లేని జట్టును భారత జట్టు అనడానికి నాకు మనసొప్పదు.

మా తాతయ్యకు క్రికెట్ పెద్దగా తెలియదు. కానీ మేం వీధిలో ఆడుతుంటే, బంతి ఎదురింటి పెంకుల మీదుగా అవతలికి వెళ్లిందంటే చాలు, అరుగు మీద నుంచే "నాయుడు కొట్టాడ్రా!" అనేవాడు. కొట్టింది ఎవరైనా సరే ఆయనకు నాయుడే. ఒక ఆటగాడి పేరు ఒక దెబ్బకు పేరుగా మారడం ఏ స్కోరుబుక్కులో రాస్తాం?

మన తీరాన క్రికెట్ ఆడినట్టు తొలి ఆనవాలు 1721 నాటిది. ఖంభాత్ దగ్గర ఇంగ్లిషు నావికులు కాలక్షేపానికి ఆడారు. 1792 నాటికి కలకత్తాలో తెల్లవాళ్ల క్లబ్బు ఉంది. 1848లో బొంబాయి పార్సీలు ఓరియంటల్ క్లబ్బు పెట్టుకున్నారు, 1886లో ఇంగ్లండు వెళ్లి ఆడి వచ్చారు. ఇంచుమించు 165 ఏళ్లు ఇలా నాలుగు మాటల్లో దాటిపోతాయి. అప్పట్లో ఎవరు ఎలా ఆడారో, ఎవరి ఆట చూసి జనం చప్పట్లు కొట్టారో మనకు చేరింది బహు తక్కువ.

ఆ మసకలోంచి స్పష్టంగా కనిపించే తొలి మనిషి పల్వంకర్ బాలూ. ఎడమచేతి స్పిన్నరు, దళితుడు. పూనాలో హిందూ జట్టుకు వికెట్లు తీసిపెట్టేవాడు. విరామంలో మాత్రం తోటి ఆటగాళ్లు పెవిలియన్‌లో కూర్చుంటే ఆయనకు బయట మట్టిపాత్రలో టీ ఇచ్చేవారు. 1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో ఇంగ్లండు వెళ్లిన జట్టు వరసగా ఓడుతుంటే, బాలూ ఒక్కడే వందకు పైగా వికెట్లు తీశాడు. ఆయన ఆడిన రోజుల్లో భారతదేశానికి టెస్టు జట్టే లేదు. ఆ లెక్కన బాలూ టెస్టు వికెట్లు సున్నా. ఆ సున్నా ఆయన నైపుణ్యాన్ని కొలిచిందని ఎవరంటారు?

ఇక నాయుడు గారు. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. పూర్వీకులది మచిలీపట్నం. పుట్టింది నాగపూర్‌లో, 1895 అక్టోబరు 31న. 1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్ టోర్నీలో హిందువుల తరఫున యూరోపియన్ల మీద మొదటి మ్యాచ్ ఆడినప్పుడు ఆయన ఖాతా తెరిచిందే సిక్సుతో. ఆ తర్వాత పదేళ్లు బొంబాయిలో, నాగపూర్‌లో, ఇండోర్‌లో ఆయన ఆట చూసినవాళ్లకే తెలుసు. బయటి ప్రపంచానికి తెలియదు.

1926 చలికాలంలో ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఎంసీసీ జట్టు ఈ దేశానికి వచ్చింది. అది వినోదానికి వచ్చిన జట్టు కాదు. మారిస్ టేట్, జార్జ్ గియరీ, ఆస్టిల్ లాంటి ఆరితేరిన బౌలర్లు అందులో ఉన్నారు. బొంబాయి జింఖానాలో హిందువులతో మ్యాచ్. ఆ జింఖానా తెల్లవాళ్ల క్లబ్బు, భారతీయులకు సభ్యత్వం లేదు. మైదానంలో ఆడొచ్చు, పెవిలియన్ మాత్రం వాళ్లది. ఎంసీసీ ముందు బ్యాటింగ్ చేసి 363 కొట్టింది. అందులో గై ఎర్ల్ అనే భారీ మనిషి గంటన్నరలో 130 బాదాడు, 8 సిక్సులు. ఆ రాత్రి బొంబాయిలో ఎవరైనా ఆ సిక్సుల గురించే మాట్లాడుకుని ఉంటారు.

మర్నాడు నాయుడు క్రీజులోకి వచ్చాడు. పొడగరి, నిటారైన మనిషి, సైనికుడి నడక. వచ్చిన కాసేపటికే బంతి పెవిలియన్ కప్పు మీదికి వెళ్లింది. ఆ తర్వాత అటూ ఇటూ ఎగురుతూనే ఉంది. కబురు ఊరంతా పాకింది. ఆఫీసుల్లో గుమాస్తాలు కాగితాలు వదిలేసి వచ్చారు. చోటు దొరకనివాళ్లు చెట్లెక్కారు, చుట్టుపక్కల మేడలెక్కారు. 116 నిమిషాలు, 153 పరుగులు, 11 సిక్సులు. ముందురోజు ఎర్ల్ కొట్టినవాటికంటే మూడు ఎక్కువ. ఎంసీసీ వాళ్లే ముచ్చటపడి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

నేను ఈ ఇన్నింగ్స్ గురించి చదివినప్పుడల్లా ఆ చెట్ల మీది మనుషులే కళ్లముందు మెదులుతారు. పెవిలియన్ మెట్లెక్కే అర్హత లేదన్న చోట, అదే పెవిలియన్ కప్పు మీద బంతి పడుతుంటే కొమ్మల్లో కూర్చుని చూసినవాళ్లు. వాళ్లకు ఆ రోజు ఏమనిపించి ఉంటుందో ఊహించుకోవడానికి నాకు ఏ గణాంకమూ అక్కర్లేదు.

ఒక్క ఇన్నింగ్స్‌తోనే టెస్టు హోదా వచ్చిందని అనను. కానీ భారతీయులు పెద్ద జట్లతో ఆడడానికి సిద్ధంగా ఉన్నారని గిలిగన్ ఆ పర్యటనలోనే నమ్మాడు, ఇక్కడివాళ్లను ఒక బోర్డు పెట్టుకోమని ప్రోత్సహించాడు. 1928 డిసెంబరులో బోర్డు ఏర్పడింది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో తొలి టెస్టు. జట్టు కెప్టెన్‌గా వెళ్లిన పోర్‌బందర్ మహారాజా తన ఆట స్థాయి తనకు తెలిసి తప్పుకున్నాడు, నాయుడు నాయకుడయ్యాడు. మన బౌలర్లు నిసార్, అమర్‌సింగ్‌ల ధాటికి ఇంగ్లండు 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడాం. మొదటి ఇన్నింగ్స్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడు చేసిన 40 పరుగులే మనవాళ్లలో అత్యధికం. ఆ వేసవిలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1618 పరుగులు, 32 సిక్సులు. మరుసటి ఏడాది క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ ఎంచిన ఐదుగురు ఆటగాళ్లలో ఆయన ఒకడు.

అప్పటికే ఆయనకు 36 ఏళ్లు. సచిన్‌కు 36 నిండే నాటికి టెస్టుల్లోకి వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. నాయుడికి ఆ వయసులో మొదటి టెస్టు. తర్వాతి నాలుగేళ్లలో మరో ఆరు. 1933 డిసెంబరులో మన గడ్డ మీద తొలి టెస్టు జరిగింది మళ్లీ అదే జింఖానాలోనే. లాలా అమర్‌నాథ్ 118 చేస్తుంటే అవతలి ఎండ్‌లో 67 చేసి నిలబడింది నాయుడే. 1936లో ఓవల్‌లో ఆడిన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో 81 చేశాడు. అదే ఆయన అత్యధిక స్కోరు. అంటే నలభయ్యేళ్లకు కూడా ఆట దిగలేదు, ఆడే అవకాశమే లేకపోయింది. మన దేశం టెస్టులు ఆడడానికి బాట వేసిన ఆ 153 మాత్రం ఆయన టెస్టు సగటులో కలవదు. అప్పటికి మనకు టెస్టులు లేవు కాబట్టి.

ఆ తర్వాత కూడా ఆయన ఆగలేదు. హోల్కర్ జట్టును నాలుగుసార్లు రంజీ విజేతగా నిలిపాడు. 1945-46 ఫైనల్లో యాభై ఏళ్ల వయసులో 200 కొట్టాడు. 1951-52 ఫైనల్లో దత్తూ ఫడ్కర్ బౌన్సరు నోటికి తగిలి రెండు పళ్లు ఊడితే, వాటిని బ్యాటుతో పక్కకు తోసి, ఇంకా వేగంగా వెయ్యమన్నాడు. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ఆడినప్పుడు ముందు నడిచిందీ ఆయనే. రంజీలో చివరి మ్యాచ్ 1956-57లో, 61 ఏళ్లకు. అందులోనూ అర్ధశతకం.

కాలాలను పోల్చడంలో చిక్కంతా ఇక్కడే ఉంది. 1930లలో పిచ్‌ల మీద వాన నేరుగా కురిసేది, హెల్మెట్లు లేవు. ఎల్బీడబ్ల్యూ నిబంధన 1935లో మారింది. అందుకే వేరువేరు కాలాలవాళ్లను ఒకే కొలబద్దతో కొలవకుండా, తన కాలంవాళ్లకంటే ఎంత ఎత్తున నిలిచాడో చూడడం మేలు. బ్రాడ్‌మన్ 99.94 గొప్పతనం అదే. విజయ్ మర్చంట్ ఫస్ట్‌క్లాస్ సగటు 71.64, బ్రాడ్‌మన్ తర్వాత స్థానం. యుద్ధం మింగగా మిగిలినవి 10 టెస్టులు.

2013లో విజ్డెన్ తన నూటయాభయ్యో ఏట ప్రపంచ ఆల్‌టైమ్ జట్టును ప్రకటించింది. అందులో డబ్ల్యూ.జి. గ్రేస్ ఓపెనరు. ఆయన టెస్టు సగటు 32.29. ఆయనకూ మొదటి టెస్టు 32 ఏళ్ల వయసులోగానీ దొరకలేదు. గ్రేస్ విషయంలో ఎవరూ సగటు అడగలేదు, ఆధునిక బ్యాటింగ్‌కు ఆయన తండ్రి అన్నారు, సరిపోయింది. ఆ న్యాయం నాయుడికి ఎందుకు వర్తించదు?

2011లో రెండు వేలవ టెస్టు సందర్భంగా ఐసీసీ అభిమానుల ఓట్లతో ఒక జట్టు వేసింది. సెహ్వాగ్, గవాస్కర్, సచిన్, కపిల్... నలుగురు మనవాళ్లు. సోబర్స్ లేడు! చూసినవాళ్లకే ఓటు వేస్తాం, అది సహజం. కానీ చూడనివాళ్ల తరఫున ఎవరో ఒకరు నిలబడాలి కదా. ఇప్పటి లెక్కలైతే మరీ చిక్కు. 20 లోపు సగటుతో 200 టెస్టు వికెట్లు దాటిన బుమ్రాను ఎవరితో పోల్చాలి? ఇరవై ఓవర్ల ఆటలోనే జీవితం గడిపేవాణ్ణి ఏ జట్టులో కూర్చోబెట్టాలి? ఆల్‌టైమ్ భారత జట్టు అనగానే మగవాళ్ల పేర్లే రాస్తున్నామని కూడా ఈ మూడు వారాల్లోనే గుర్తొచ్చింది. 2002లో టాంటన్‌లో 214 కొట్టిన మన హైదరాబాదు మిథాలీ రాజ్ ఉంది. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో బంతి తిప్పిన కడప అమ్మాయి శ్రీచరణి ఉంది. వాళ్లది పక్కన రాసుకునే పేరా కాదు, వేరే వ్యాసం. అది తప్పకుండా రాస్తాను.

నా కాగితం ఇది. గవాస్కర్, మర్చంట్, ద్రవిడ్, సచిన్. ఐదులో లక్ష్మణ్. కోహ్లీ అభిమానులు నన్ను క్షమించనక్కర్లేదు. 2001లో ఈడెన్‌లో ఫాలోఆన్ ఆడుతూ లక్ష్మణ్ 281 చేస్తుంటే ఆ రోజులన్నీ టీవీ ముందు నుంచి లేవలేదు, ఆ మైకం నాకింకా వదల్లేదు. ఏడులో ధోనీ, తర్వాత కపిల్, కుంబ్లే, బాలూ, బుమ్రా. ఆరులో కెప్టెన్ సి.కె. నాయుడు. అందరి పేర్ల పక్కనా టెస్టు సగటు వేశాను. బాలూ పక్కన ఖాళీ వదిలాను. నాయుడు గారి పక్కన 25 అని వేసి, కొట్టేసి, బొంబాయి జింఖానా, 1926 డిసెంబరు 1 అని రాశాను.