సందు మూసిన చేతులు

సిడ్నీ పడమటి శివారు వెంట్‌వర్త్‌విల్‌లో మా అపార్ట్‌మెంటు. కింద కార్ల పార్కింగులో తలెత్తి చూస్తే పై అంతస్తుల నుంచి దిగే తెల్లటి పీవీసీ పైపులు కనిపిస్తాయి. ప్రతి పైపూ శ్లాబును దాటే చోట దాని చుట్టూ ఒక రేకు పట్టీ ఉంటుంది. పైపు జారకుండా పట్టుకునే క్లాంపు కాబోలని చాలాకాలం అనుకున్నాను. అది ఫైర్ కాలరట. లోపల వేడికి ఉబ్బే గ్రాఫైటు ఉంటుందని తెలిసిన రోజు నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఎందుకంటే అది పాము బిళ్ళకు చుట్టం! చిన్నప్పుడు దీపావళికి గచ్చు మీద నల్ల బిళ్ళ పెట్టి అగ్గిపుల్ల ముట్టిస్తే, మెలికలు తిరుగుతూ పాము లేచేది. గచ్చు మీద ఆ మచ్చ సంక్రాంతి దాకా పోయేది కాదు. ఇక్కడ అనుమతి లేకుండా ఇంటి దగ్గర టపాకాయలు కాల్చకూడదు. మా పిల్లలకు పాము బిళ్ళ తెలియదు. కానీ వాళ్ళు రోజూ దాని చుట్టం కిందినుంచే నడుస్తున్నారు.

ఇనుప పైపు మంటలో కాలినా పైపులాగే నిలబడుతుంది. పీవీసీ 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. అది కరిగి జారిపోతే శ్లాబులో పైపంత కంత మిగులుతుంది. పొగా మంటా అందులోంచే పై ఇంటికి ఎక్కుతాయి. అందుకని చుట్టూ సందు పూడిస్తే సరిపోదు, పైపు మాయమయ్యాక ఆ కంతనూ పూడ్చాలి. కాలర్‌లోని గ్రాఫైటు 200 డిగ్రీల ప్రాంతంలో ఉబ్బుతుంది. బయట రేకు అడ్డం కాబట్టి లోపలికే తోసుకొచ్చి పైపు పీక నొక్కేస్తుంది.

ఉబ్బే పదార్థాల కథ పాతదే. 1821లో వోలర్ అనే రసాయన శాస్త్రవేత్త పాదరసపు లవణాన్ని కాల్చి పాములా లేచే బూడిద చూశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు షాఫ్‌హోయిట్ల్ అనే మరో శాస్త్రవేత్త గ్రాఫైటును గంధకికామ్లంలో ఉంచి, అది ఉబ్బడం గమనించాడు. కలపకు పూసే ఉబ్బుడు పూతకు 1938లో పేటెంటు వచ్చింది. వీటన్నిటికంటే నా మనసును ఎక్కువగా లాగే కథ వేరే ఉంది, సందులు మూసే నార కథ.

మా స్టేషన్‌లో రైలెక్కితే పది నిమిషాల లోపే పరమట్టా. అక్కడ నది ఒడ్డున 1821లో ఫీమేల్ ఫ్యాక్టరీ తెరిచారు. కట్టడం గీసింది ఫ్రాన్సిస్ గ్రీన్‌వే, అతనూ శిక్ష పడి ఓడెక్కి వచ్చినవాడే. ఇంగ్లండు నుంచీ ఐర్లండు నుంచీ తెచ్చిన ఖైదీ స్త్రీలను అక్కడ మూడు తరగతులు చేశారు. మూడో తరగతి వాళ్ళకు జుట్టు కత్తిరించేవారు, రాళ్ళు కొట్టించేవారు, ఓకం పీకించేవారు. ఓకం అంటే తారు నార. ఓడల్లో అరిగిపోయిన మోకులను ముక్కలు కోసి వాళ్ళ ముందు పడేసేవారు. గట్టిపడ్డ పురిని గోళ్ళతో విప్పాలి, పోగు పోగూ చీల్చాలి. వేళ్ళు నెత్తురోడేవి. ఆ నారను ఓడ పలకల సందుల్లో ఉలితో కుక్కి, పైన తారు పూసేవారు. సముద్రం లోపలికి రాకుండా ఆపింది ఆ నారే. 1827 అక్టోబరు 27న రొట్టె, చక్కెర తగ్గించారని ఆ స్త్రీలు గేట్లు విరగ్గొట్టి ఊళ్ళోకి వచ్చి, దుకాణాల్లో దొరికిన తిండి పట్టుకుపోయారు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని అల్లర్లు అని రాస్తే నాకు కోపం వస్తుంది. అది ఆకలి.

ఆ తారు నారే తర్వాత ఇళ్ళలోకి వచ్చింది. పోత ఇనుము పైపుల కీళ్ళలో దాన్ని కుక్కి, పైన కరిగిన సీసం పోసి, సుత్తితో దట్టించేవారు. సీసం విషం, పోవడమే మేలు. కానీ దెబ్బ దెబ్బకూ చేతికి తెలిసే ఆ బిగువు కూడా దానితోనే పోయింది. ఇప్పుడు ట్యూబు నొక్కితే పేస్టు వస్తుంది, పైన నున్నగా ఉంటే లోపల నిండిందనుకుంటాం. గోడ కంతల్లో కుక్కిన ఆస్బెస్టాసు తాడు మాత్రం ఎవరికీ గుర్తు రానక్కర్లేదు. ఆస్ట్రేలియా 2003 చివరి రోజున ఆస్బెస్టాసును పూర్తిగా నిషేధించింది.

సందు మూసుకుందో లేదో ఎలా తెలుస్తుంది? 1975 మార్చి 22న అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో ఒక కార్మికుడు కొవ్వొత్తి పట్టుకు చూశాడు. గోడ దాటే కేబుళ్ళ చుట్టూ నింపిన ఫోమ్‌లోంచి గాలి వస్తే జ్వాల ఊగుతుంది, అదీ పరీక్ష. జ్వాల ఊగింది, ఫోమ్ అంటుకుంది. ఏడు గంటలకు పైగా మండి 1600కు పైగా కేబుళ్ళు పాడయ్యాయి. సందు మూసే వస్తువే మండేదైతే ఏమవుతుందో లోకానికి అప్పుడు తెలిసింది.

ఆస్ట్రేలియాలో ఇప్పుడు ఏఎస్ 1530.4 ప్రమాణం ప్రకారం కాలర్లను కొలిమిలో పరీక్షిస్తారు. గంటకు కొలిమి 945 డిగ్రీలకు చేరుతుంది. మంట లేని వైపు పగులు కనిపిస్తే, 100 మిల్లీమీటర్ల చదరపు దూది బిళ్ళను దాని దగ్గర 30 సెకన్ల దాకా పడతారు. దూది అంటుకుంటే కాలర్ ఓడినట్టే. ఇంత యంత్రాంగమూ చివరికి మన ఇళ్ళలో ఒత్తులు చేసుకునే దూదినే అడుగుతుంది.

మా పార్కింగులో కాలర్ పక్కన ఒక చీటీ ఉంది. బిగించినవారి పేరు, తేదీ, ఒక అంకె. పరమట్టాలో నార చీల్చిన స్త్రీ పేరు ఏ ఓడ సందు పక్కనా రాయలేదు. మొన్న తేమకు ఆ చీటీ అంచు లేచి ఉంటే, బొటనవేలితో గట్టిగా అదిమి మళ్ళీ అతికించాను.