గడచిన కాలమా, గడించిన విద్యయా?

విద్యార్థి కళాశాలలో ఎన్ని గంటలు కూర్చుండెనో చూచి పట్టము నీయవలెనా, ఏమి నేర్చెనో చూచి యీయవలెనా? ఈ ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. 1857వ సంవత్సరమున స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయము తొలినాళ్లలో పాఠములు చెప్పునది కాదు; పరీక్షలు జరపి పట్టముల నిచ్చునది మాత్రమే. చిన్న పట్టణపు రెండవ తరగతి కళాశాలలో ఎఫ్.ఏ. పరీక్ష గడచి, పిమ్మట బి.ఏ. చదువునకై పెద్ద కళాశాల చేరిన పూర్వికులు మన కుటుంబములలో పెక్కుమంది కలరు. ఆ పరీక్షాఫలమే వారికి రెండవ ద్వారమును తెరచిన తాళపుచెవి.

ఈ పద్ధతికి మూలము లండను నగరము. 1836లో అధికారపత్రమును పొందిన లండను విశ్వవిద్యాలయము, 1858లో మఱియొక పత్రముచే, ఏ కళాశాలలోను చేరనివారికి సైతము తన పరీక్షలను తెరచినది, వైద్యమొక్కటియే మినహాయింపు. 1878లో స్త్రీలకును పట్టములు పొందు హక్కు లభించినది. కళాశాల గడప త్రొక్క వీలులేనివారికి పరీక్షయే విద్యాలయమైనదని చెప్పవచ్చును.

అమెరికాలో చరిత్ర వేఱుదారిని నడచినది. 1905లో ఆండ్రూ కార్నెగీ అధ్యాపకుల పింఛనులకై కోటి డాలర్ల నిధి నేర్పరచెను. ఆ నిధిలో పాలుపొందగోరు కళాశాలలు ప్రవేశమునకు ఒకే కొలతను పాటింపవలసి వచ్చెను. ఉన్నత పాఠశాలలో ఒక విషయమును సంవత్సరమునకు సుమారు 120 గంటలు చదివినచో అది ఒక ‘యూనిట్టు’. కళాశాలలలోను ఇట్టి గంటల లెక్కయే ‘క్రెడిట్టు’ అను పేర స్థిరపడినది. పింఛనుల కొఱకు పుట్టిన కొలత విద్యకే కొలతయై కూర్చున్నదన్నమాట!

రెండవ ప్రపంచ యుద్ధము ఈ లెక్కను కదలించినది. చదువు నడుమ విడిచి సేనలో చేరినవారు తిరిగివచ్చి, తాము నేర్చినదానిని ఎట్లు నిరూపింపగలరు? వారికై 1942లో ఉన్నత పాఠశాలకు సరితూగు పరీక్షలు ఏర్పడినవి. 1950వ దశకమున ఉన్నత పాఠశాలలోనే కళాశాల స్థాయి పాఠములు చదివి పరీక్ష వ్రాయు ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ పద్ధతి వచ్చెను. 1967లో కాలేజి బోర్డువారు ‘క్లెప్’ అను పరీక్షలను ప్రారంభించిరి. ఇవి ఏ తరగతిలోను కూర్చుండక, ఇంటివద్దనో పనిచోటనో నేర్చినవానికి గూడ తెరచియున్నవి. ముప్పదికి పైగా విషయములు కలవు; పరీక్ష చాలవఱకు గంటన్నర; మార్కులు 20 మొదలు 80 వఱకు. 50 వచ్చినచో క్రెడిట్టు నీయవచ్చునని అమెరికా విద్యామండలి సిఫారసు. అది సిఫారసే కాని శాసనము కాదు.

ఇచ్చటనే చిక్కున్నది. ఒక కళాశాల అంగీకరించిన ఫలమును విద్యార్థి చేరబోవు విశ్వవిద్యాలయము నిరాకరింపవచ్చును. లేక, అంతకంటె హెచ్చు మార్కులు కోరవచ్చును. కొన్ని ప్రఖ్యాత విద్యాపీఠములు క్లెప్ ఫలమును అసలే లెక్కింపవు. పట్టమునకు సాధారణముగ 120 క్రెడిట్లు కావలసియుండ, అందు సుమారు నాలుగవ వంతైనను తమ యొద్దనే చదువవలెనని నియమించు సంస్థలు పెక్కు. ఈ నియమమును సడలించి, పరీక్షలచే గడించిన దానిని విరివిగ స్వీకరించుటకే 1972లో న్యూజెర్సీ రాష్ట్రము ఎడిసన్ పేర నొక కళాశాలను స్థాపించెను.

పరీక్షలయందు దోషములు లేవని మేమనము. మన విశ్వవిద్యాలయములు వట్టి పరీక్షాశాలలై వల్లెవేతను పెంచినవను విమర్శను ఆనాటివారు చేసిరి. 1902లో విచారణసంఘము కూర్చుండెను. 1904 నాటి చట్టము విశ్వవిద్యాలయములకు బోధనాధికారము నిచ్చెను. ప్రయోగశాలలో చేతికి వచ్చు నేర్పును, గురువుతో చర్చించుటచే కలుగు వివేకమును గంటన్నర పరీక్ష కొలువజాలదు. కాని పగలెల్ల పనిచేసి, బిడ్డలను నిద్రపుచ్చి, దీపమువద్ద చరిత్రనో గణితమునో నేర్చిన తల్లిని, తెలిసినదానినే మఱల రుసుము చెల్లించి వినుమనుట న్యాయమా? పరీక్ష కొలువగలదానిని పరీక్షకు వదలి, కొలువజాలనిదానిని బోధనకు నిలుపుటయే మాకు సమ్మతము. ఏ ఫలమును ఎంతవఱకు స్వీకరింతుమో ముందుగనే స్పష్టముగ ప్రకటించుట విశ్వవిద్యాలయముల ధర్మము.

నేడు తెలుగువారి బిడ్డలు వేలకొలది అమెరికాలో చదువుచున్నారు. తలిదండ్రులకు మా మనవి యొక్కటియే: పరీక్షకు రుసుము కట్టకమునుపే, బిడ్డ కడకు చేరగోరు విద్యాలయపు నియమములను విచారింపుడు. క్రెడిట్టు నిచ్చునది పరీక్ష జరపువారు కాదు, చేర్చుకొనువారు. ద్వారము తెరచియున్నదని విని నడచిన బిడ్డ, గడపవద్ద నిలిచిపోవుట కంటె కష్టమేమున్నది?