స్థానిక ప్రాక్సీ సర్వరు (కృత్రిమ మేధ పరికరాలు)

స్థానిక ప్రాక్సీ సర్వరు అనగా వాడుకరి కంప్యూటరులోనే గాని, అదే కార్యాలయపు నెట్‌వర్కులో గాని నడుస్తూ, ఇతర ప్రోగ్రాములు అంతర్జాలానికి పంపే అభ్యర్థనలను మధ్యలో అందుకొని ముందుకు పంపే ప్రోగ్రాము. టెర్మినల్‌లో ఆదేశాలు టైపు చేసి వాడే క్లాడ్ కోడ్, కోడెక్స్, జెమినై సీఎల్ఐ వంటి కృత్రిమ మేధ పరికరాలను (ఈ మూడూ 2025లో వెలువడినవి) దీనికి అనుసంధానించవచ్చును.

కృష్ణా జిల్లాలోని హనుమాన్ జంక్షన్‌ను ఎరిగినవారికి ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. గుడివాడ నుండి నూజివీడు పోవువారు ఆ కూడలి మీదుగా పోతారు. కూడలిలో నిలబడినవారికి ఎవరు ఎటు పోతున్నదీ తెలుస్తుంది. ప్రాక్సీ కూడా అటువంటి కూడలియే. అయితే బండి లోపలి సరుకు కూడా దానికి కనబడుతుందా లేదా అన్నది ప్రాక్సీ రకాన్ని బట్టి ఉంటుంది.

చరిత్ర

వెబ్ ప్రాక్సీలు 1994 నాటికే సెర్న్ సంస్థ సర్వరులో ఉండేవి. 1996లో స్క్విడ్ వచ్చినది. నెట్ కనెక్షన్లు నెమ్మదిగా నడిచిన ఆ రోజుల్లో, ఒకసారి తెచ్చిన పేజీని దాచి మరల ఇవ్వడం వీటి ముఖ్య ప్రయోజనం. కృత్రిమ మేధకు వేసే ప్రశ్న ప్రతిసారీ మారుతుంది గనుక ఇక్కడ ఆ ప్రయోజనం స్వల్పమే.

రెండు రకాలు

ఈ రెండింటినీ ఒకటిగా భావించుట వలననే విద్యార్థులకు ఎక్కువ చిక్కులు వస్తాయి. మొదటిది నెట్‌వర్క్ ప్రాక్సీ. కళాశాల ప్రాంగణాలలో సాధారణంగా ఉండేది ఇదే. సురక్షిత వెబ్ సంబంధానికి ఇది ఒక సొరంగాన్ని మాత్రమే తెరుస్తుంది. ఏ సర్వరుకు పోతున్నదో తెలుస్తుంది గాని, లోపలి విషయం తెలియదు. సంస్థ తన సొంత ధ్రువపత్రాన్ని కంప్యూటర్లలో చేర్చి సంబంధాన్ని విప్పి చూచే పద్ధతి దీనికి మినహాయింపు.

రెండవది ఏపీఐ గేట్‌వే. లైట్ఎల్ఎల్ఎమ్ ఇందుకు ఉదాహరణ. పరికరం దీనినే అసలు సర్వరుగా భావించి మాట్లాడుతుంది. గేట్‌వే ప్రశ్నను చదివి, అవసరమైతే మరొక సంస్థ రూపంలోకి మార్చి పంపుతుంది. ఖర్చు లెక్క వ్రాస్తుంది. అనగా ప్రశ్నలోని ప్రతి అక్షరమూ దానికి కనబడుతుంది. విద్యార్థుల మార్కుల పట్టికను పంపే ముందు ఆ గేట్‌వే ఎవరి అధీనంలో ఉన్నదో, దాని చిట్టాలు ఎవరు చూస్తారో విచారించుట ఉచితము.

అనుసంధానం

నెట్‌వర్క్ ప్రాక్సీ చిరునామాను హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇస్తారు. స్క్విడ్ సాధారణ పోర్టు 3128. క్లాడ్ కోడ్‌కు గేట్‌వే చిరునామాను ఆంత్రోపిక్_బేస్_యూఆర్ఎల్‌లో ఇవ్వాలి. కోడెక్స్‌కు కాన్ఫిగ్ ఫైలులో వ్రాయవచ్చును. అదే కంప్యూటరులో నడిచే గేట్‌వే అయితే చిరునామా 127.0.0.1, లైట్ఎల్ఎల్ఎమ్ పోర్టు సాధారణంగా 4000, ఓలామా పోర్టు 11434. రెండు రకాలూ కలిపి వాడునప్పుడు 127.0.0.1ని నో_ప్రాక్సీలో చేర్చాలి. లేనిచో ఇంట్లోని మనిషికి చెప్పవలసిన మాట ఊరు చుట్టి వచ్చినట్లు, స్థానిక అభ్యర్థన కూడా కళాశాల ప్రాక్సీకి పోయి విఫలమవుతుంది.

ఈ పేర్లను సాధారణంగా ఆంగ్ల పెద్దబడి అక్షరాలలో వ్రాస్తారు. అయితే కర్ల్ అనే పరికరం హెచ్‌టీటీపీ_ప్రాక్సీ అన్న ఒక్క పేరును మాత్రం చిన్నబడిలోనే అంగీకరిస్తుంది. టెర్మినల్‌లో ఎక్స్‌పోర్ట్ ఆదేశంతో ఇచ్చిన విలువ ఆ టెర్మినల్ మూసినంతనే పోతుంది.

తెలుగు వాడుకరులకు

రుసుమును టోకెన్ల లెక్కన వసూలు చేస్తారు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి. ‘అమ్మ’ అన్న చిన్న మాటకే 12 బైట్లు. తెలుగును తక్కువగా చూచిన టోకెన్ విభాజకాలు మాటను ముక్కలుముక్కలు చేయడంతో ఖర్చు పెరుగుతుంది. ఎంత పెరిగినదీ గేట్‌వే చిట్టాలో స్పష్టంగా కనబడుతుంది. చిన్న పనులను స్థానికంగా నడిచే నమూనాలకు మళ్ళించడం ఒక ఉపాయం. తెలుగు ఎల్ఎల్ఎమ్ ల్యాబ్స్ వారి నవరస (2024), తెలుగుతో సహా పది భారతీయ భాషలకు తయారైన సర్వం-1 (2024) ఇందుకు పరిశీలించదగినవి.

భద్రత, లోపాలు

గేట్‌వేను 0.0.0.0 చిరునామాపై తెరిస్తే అదే నెట్‌వర్కులోని ఇతరులు కూడా దానిని చేరగలరు. తాళపుచెవి పెట్టకపోతే వారి వాడకానికి బిల్లు యజమానికి వస్తుంది. కనెక్షన్ తిరస్కరణ వస్తే గేట్‌వే నడవడం లేదని గాని, పోర్టు తప్పని గాని గ్రహించాలి. 401 వస్తే తాళపుచెవి తప్పు. 407 వస్తే అడుగుతున్నది నెట్‌వర్క్ ప్రాక్సీ. దానికి వాడుకరి పేరు, సంకేతపదం కావాలి. 404 వస్తే చిరునామా చివర వీ1 అన్న భాగం రెండుసార్లు పడినదేమో చూడాలి.